తాడు కోసం

భాటియా గారు అరిచారంటే క్లబ్బులో కొంప మునిగినట్టే. ఆయన మామూలుగా అరవరు. సన్నగా, మర్యాదగా, ఎదుటివాళ్లకి చెమట పట్టేలా మాట్లాడతారు. అలాంటిది ఆ శనివారం సాయంత్రం వరండాలోంచి “యే క్యా హై?” అని కేక వినపడేసరికి, ఆయుధాల గదిలో తూటాల డబ్బాలు సర్దుతున్న సరోజిని ఆ పని అక్కడే వదిలేసి, తాళాల గుత్తితో సహా పరుగెత్తింది.

వరండాలో జంపఖానా పరిచి నలుగురు ఆడపిల్లలు రైఫిళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ప్రాక్టీసు అయ్యాక ఎవరు పేల్చిన రైఫిల్ వాళ్లే శుభ్రం చేసి అప్పగించాలన్నది క్లబ్బు పద్ధతి. అందుకు ఒక సన్నటి తాడు ఉంటుంది. దాని ఒక చివర ఇత్తడి గుండు, రెండో చివర గుడ్డపీలిక దూర్చే ఉచ్చు. గుండుని వెనక నుంచి గొట్టంలోకి జారవిడిచి, అది ముందు మూతిలోంచి బయటికొచ్చాక తాడు పట్టుకుని లాగితే, గుడ్డపీలిక లోపలి మసినంతా తుడుచుకుంటూ వస్తుంది. పీలిక తెల్లగా వచ్చేదాకా అలా లాగుతూనే ఉండాలి. ఇప్పుడు ముగ్గురి చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నాలుగో పిల్ల ఒళ్లో రైఫిల్ లేదు. అది భాటియా గారి చేతిలో ఉంది.

ఆ రైఫిల్ మూతికి టోపీ పెట్టినట్టు ఒక కర్ర రీలు తగిలించి ఉంది. దర్జీల దగ్గర దారం చుట్టుకొచ్చే పాతకాలపు రీలు. దాని చిల్లులోంచి తాడు వేలాడుతోంది.

“ఇది నువ్వు పెట్టావా?” అన్నారు భాటియా గారు హిందీలో. ఆయన క్లబ్బు సెక్రటరీ.

“జీ సర్,” అంది అన్నమ్మ, చేతులు వెనక్కి పెట్టుకుని లేచి నిలబడుతూ.

“ఎవరు పెట్టమన్నారు?”

“ఎవరూ కాదు సర్.”

“ఎన్నాళ్ల నుంచి?”

“కిందటి దీపావళి కంటే ముందు దీపావళి నుంచి.”

భాటియా గారు సరోజిని వైపు తిరిగారు. “విన్నారా, సరోజినీ జీ? మొన్న మెకానిక్ వచ్చి ఏమన్నాడు? మన రైఫిళ్లకి మూతులు పాడైపోయాయి, అందుకే గుళ్లు దారి తప్పుతున్నాయి అన్నాడు. ఎవరు పాడుచేశారా అని నేను నిద్ర మానుకుని ఆలోచిస్తున్నాను. ఇదిగో, ఇక్కడ కర్రముక్కలు దిగేస్తున్నారు!”

సరోజినికి కూడా కోపం నషాళానికి అంటింది. పగలంతా కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో యూడీసీ గుమాస్తా ఉద్యోగం, శని ఆదివారాలు ఇక్కడ తాళాల పెత్తనం. ఒకప్పుడు తనూ ఇదే వరండాలో కూర్చుని గుడ్డపీలికలు లాగింది కాబట్టి, ఈ రైఫిళ్లంటే ఆమెకి ఇంట్లో ఇత్తడి బిందెల మీద కంటే ఎక్కువ మమకారం.

“గొట్టం మూతి మీద గోరు కూడా పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పానే నీకు? బుల్లెట్టు ఆఖరిగా తాకి వెళ్లేది ఆ అంచునే కదా! అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా టార్గెట్టు దగ్గర జానెడు తేడా వస్తుందని చెప్పానా లేదా?” అంది తెలుగులో.

“చెప్పారు ఆంటీ.”

“మరి?”

అన్నమ్మ ఏదో చెప్పబోయింది. ఈలోగా భాటియా గారు తీర్పు చెప్పేశారు. ఈ అమ్మాయి ఇవాళ్టి నుంచి క్లబ్బు ఆయుధం ముట్టుకోకూడదు. వచ్చే ఆదివారం ఢిల్లీ జూనియర్ పోటీల్లో నాలుగో నంబరు రైఫిల్‌తో ప్రవల్లిక పేలుస్తుంది. అరవడం ఎప్పుడో మానేసి, మళ్లీ తన సన్నటి గొంతుతోనే చెప్పారు. సరోజిని “సరే సర్,” అంది. రీలు ఊడదీసి తన హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

ఆ నలుగురిలో ఒకతె, గుడ్‌గావ్ నుంచి కారులో వచ్చే ప్రవల్లిక. ఆమె మొహం చూస్తే బహుమతి దొరికినట్టు లేదు. “ఆంటీ, దట్స్ నాట్ ఫెయిర్. ఆమె స్కోరు నాకంటే మచ్ బెటర్. అండ్ నంబర్ ఫోర్ ఈజ్ హర్ రైఫిల్,” అని గొణిగింది.

“నీకెందుకే ఆ గొడవ? ఇచ్చింది పేల్చు,” అని కసిరింది సరోజిని.

అన్నమ్మ ఏడవలేదు. అదే సరోజినికి ఇంకా చిరాకనిపించింది. ఏడిస్తే ఊరుకోబెట్టి ఇంటికి పంపొచ్చు. ఆ పిల్ల తన గుడ్డపీలికలు ఏరి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, జంపఖానా దులిపి, మడతపెట్టి, గోడ వారన పెట్టి వెళ్లిపోయింది. పన్నెండో తరగతి పిల్ల. ఆదివారం పోటీలో మొదటి ముగ్గురిలో నిలబడితే వచ్చే సర్టిఫికెట్టు మీదే కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు ఆధారపడి ఉంది. సొంత రైఫిల్ కొనగలిగిన ఇల్లు కాదు. నాలుగో నంబరు లేకపోతే పోటీ లేదు, పోటీ లేకపోతే సీటూ లేదు. ఆ సంగతి సరోజినికి తెలుసు. తెలిసే “సరే సర్” అంది.

కోచ్ సుబేదార్ లక్ష్మీనారాయణ ఉండి ఉంటే ఏమనేవాడో. ఆయన మేనకోడలి పెళ్లికని రాజాం వెళ్లాడు.

సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లే చార్టర్డ్ బస్సులో సరోజినికి కిటికీ సీటు దొరికింది. అది రోజూ దొరికే భాగ్యం కాదు. పక్క సీటులో కూర్చున్న శాస్త్రి భవన్ ఆఫీసులో పనిచేసే ఆవిడ అప్పుడే ఊలు సూదులు తీసి అల్లడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి ఎండ పల్చగా ఒళ్లో పడుతోంది. కళ్లజోడు కోసం బ్యాగులో చెయ్యి పెడితే రీలు తగిలింది.

ఊరికే బయటికి తీసి చూసింది. ఒకవైపు గొట్టం మూతి సరిగ్గా ఇమిడేలా లోపల గుంట తొలిచి ఉంది. బ్లేడుతో గీకి, గరుకు కాగితంతో నున్నగా రుద్దింది కాబోలు, వేలు పెడితే ఎక్కడా పేడు తగల్లేదు. పైన గురి చూసే సైటు అడ్డం రాకుండా చిన్న గాడి కూడా కోసింది. అంటే ఇది ఎప్పుడు తగిలించినా ఒకే తీరుగా కూర్చుంటుంది, అటూ ఇటూ తిరగదు. ‘పనిమంతురాలే, పాడు పని చేసినా,’ అనుకుంది సరోజిని.

రీలుని ఎండకి ఎత్తి, ఒక కన్ను మూసి, చిల్లులోంచి బయటికి చూసింది. తనూ షూటరే కదా, చిల్లు కనిపిస్తే కన్ను దానంతట అదే మూసుకుంటుంది. చిల్లు గుండ్రంగా లేదు. బయటి అంచు దగ్గర, కిందివైపున, లోతుగా ఒక గాటు. కత్తితో కోసింది కాదు. నున్నగా, నల్లగా, మెరుస్తూ, తాడు పట్టేంత వెడల్పుగా ఉంది. వాళ్ల ఊళ్లో గిలక లేని నూతి ఒర మీద చేంతాడు రాసుకుని పడే గాట్లు ఇలాగే ఉండేవి. రాయినే కోసిన తాడుకి కర్ర ఒక లెక్కా?

కర్రని కోసిన తాడు ఇనుముని వదులుతుందా?

సరోజిని రీలుని కంటి ముందు నుంచి దించింది. ఒళ్లో రైఫిల్ అడ్డంగా పెట్టుకుని ఒంటరిగా తాడు లాగే పిల్లల చెయ్యి కళ్లముందు కదిలింది. తాడు బారెడు. చెయ్యి అంత పొడుగు చాలదు. తాడుని తిన్నగా బయటికి లాగలేక, మోకాలి వైపు కిందికి దిగలాగుతారు. లాగిన ప్రతిసారీ తాడు మూతి కింది అంచుని ఒరుసుకుంటూ వస్తుంది. ఆ ఒరిపిడి ఈ రీలు మీద పడింది. రీలు లేని మూడు రైఫిళ్లకి ఎక్కడ పడి ఉంటుంది?

అందుకే కదా సుబేదార్ గారు మొదట్లో ఇద్దరేసి కూర్చోమనేవారు. ఒకళ్లు రైఫిల్ గట్టిగా పట్టుకోవాలి, ఒకళ్లు లేచి నిలబడి వెనక్కి నడుస్తూ తాడు తిన్నగా లాగాలి. ఆ పద్ధతి మాన్పించిందెవరు? రెండేళ్ల కిందటి చలికాలంలో, పొగమంచు ముందే కమ్మేస్తోంది, పిల్లలకి బస్సులు తప్పిపోతున్నాయి, ఎవరిది వాళ్లు లాగేసుకుని బయల్దేరండి అని తొందర పెట్టిందెవరు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సరోజిని చెయ్యి శాలువా మీదికి వెళ్లింది.

“ఏమైంది దీదీ, చలిగా ఉందా?” అంది పక్కావిడ.

“లేదు. ఎండగానే ఉంది,” అంది సరోజిని.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి పోకుండా సరోజినీ నగర్‌లో దిగింది. మార్కెట్టు రద్దీని దాటుకుని క్వార్టర్ల వరసలోకి వెళ్లేసరికి, కింది వాటాలో ఒక గుమ్మం ముందు ‘ఫాల్, పీకో’ అని హిందీలో రాసిన అట్ట వేలాడుతోంది. లోపల మిషను చప్పుడు. అన్నమ్మ తల్లి చీర అంచు నడుపుతూనే తలెత్తి చూసి, గాభరాగా లేచింది.

“రండమ్మగారూ, కూకోండి. మా పిల్ల ఏదో తప్పు చేసిందంట గదా. రొండ్రోజుల్నించి సరిగ్గా తింటల్లేదు. వాళ్ల నాన్నకి కూడా చెప్పనీయట్లేదు.”

“తప్పో ఒప్పో తేల్చుకుందామనే వచ్చాను. పిలవండి.”

అన్నమ్మ లోపలి గదిలోంచి వచ్చింది. చేతిలో రోకలి ఉంది. రోకలి ఎందుకా అనుకుంది సరోజిని, అంతలోనే అర్థమైంది. రైఫిల్ ముట్టుకోవద్దన్నారని, చెయ్యి బరువు మరిచిపోకుండా ఆ రోకలిని భుజాన పెట్టుకుని నేల మీద పడుకుని గురి చూస్తోంది ఆ పిల్ల.

“ఇలా కూర్చో. ఈ రీలు ఎందుకు పెట్టావో ఇప్పుడు చెప్పు. ఆ రోజు ఏదో చెప్పబోయావు, మేం విన్లేదు.”

అన్నమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. “డాంటోగే తో నహీ?” అంది.

“తిట్టను. చెప్పవే.”

“తాడు కోసం ఆంటీ.”

“తాడు కోసమా?”

“హా. నేను క్లబ్బులో కొత్తగా చేరినప్పుడు నా చేతిలో తాడు తెగిపోయింది, యాద్ హై? రూల్ ఉంది కదా, తాడు తెంపినవాళ్లు కొత్త తాడు వచ్చేదాకా ఫైరింగ్ చెయ్యకూడదని. అది వచ్చేదాకా నేను ఖాళీగా కూర్చున్నాను. మళ్లీ కొత్త తాడు కూడా గొట్టం చివర రగడ్ రగడ్ కే పీచు లేస్తోంది. ఇది కూడా తెగిపోతే మళ్లీ కూర్చోవాలి కదా అని, అమ్మ డబ్బాలో రీలు తీసి పెట్టాను. అప్పట్నుంచి పీచు లేవట్లేదు.”

“అంతేనా? గొట్టం గురించి ఏమీ అనుకోలేదూ?”

“గొట్టానికేం అవుతుంది ఆంటీ? వో తో లోహా హై.”

సరోజినికి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఇనుముని తాడు నుంచి కాపాడిన పిల్ల, తాడుని ఇనుము నుంచి కాపాడుతున్నాననుకుంది. అయితేనేం, కాపాడింది కదా.

తల్లి ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, సరోజిని గొంతు తగ్గించింది. “చూడు అన్నమ్మా. శనివారం సుబేదార్ గారు వచ్చేస్తారు. ఆయన ముందు, భాటియా గారి ముందు అన్నీ చూపిస్తాను. నిన్ను అడిగితే మాత్రం తాడు గీడు అనకు. గొట్టం మూతి పాడవకుండా ఉండాలనే పెట్టాను సర్ అను. విన్నావా?”

“కానీ ఆంటీ...”

“కానీ లేదు, అర్ధణా లేదు. నేను చెప్పినట్టు చెప్పు. నీ మంచికే.”

అన్నమ్మ తల ఊపలేదు, అడ్డంగా తిప్పనూ లేదు. రోకలిని గోడకి చేరవేసి, అది దొర్లిపోకుండా కింద చెప్పు అడ్డం పెట్టింది.

శనివారం పొద్దున సుబేదార్ లక్ష్మీనారాయణ సంచీ నిండా అరిసెలతో క్లబ్బుకి వచ్చాడు. సైన్యంలోంచి రిటైరై ఏళ్లైనా మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. సరోజిని చెప్పినదంతా విని, అరిసెల సంచీ బెంచీ మీద పెట్టేసి, టార్చిలైటు, చిన్న భూతద్దం తెమ్మన్నాడు. భాటియా గారు కూడా వచ్చి నిలబడ్డారు. అన్నమ్మని వరండా మెట్టు దగ్గర కూర్చోమన్నారు. ప్రవల్లిక వెళ్లి ఆ మెట్టు మీదే ఆమె పక్కన కూర్చుంది.

ఆయన ఒకటో నంబరు రైఫిల్ బల్ల మీద పెట్టి, బోల్టు తీసేసి, లోపల ఖాళీగా ఉందని వేలితో తడిమి మరీ చూసుకున్నాడు. తర్వాత మూతి మీద టార్చి వేసి, భూతద్దం పెట్టి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

“సూడండి సార్,” అని పక్కకి జరిగాడు.

భాటియా గారు చూశారు. సరోజిని చూసింది. ఉంగరంలా గుండ్రంగా ఉండాల్సిన అంచు, కిందివైపు కొద్దిగా అరిగి, నోట్లో పన్ను ఊడినట్టుంది. రెండో నంబరుకీ అక్కడే. మూడో నంబరుకీ అక్కడే. నాలుగో నంబరు బల్ల మీదికి వచ్చింది. సుబేదార్ గారు చూశాడు, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

“దీనికేటీ అవ్వలేదు. కొత్తపెళ్లికూతురి మట్టెలాగ గుండ్రంగా ఉంది,” అన్నాడు తెలుగులో, ఆ మాటే భాటియా గారికి హిందీలో మట్టె లేకుండా చెప్పాడు. “నాలుగు గొట్టాలూ ఒక్క నెల్లోనే ఏయించినాం గదమ్మా? ఢిల్లీ దుమ్ము పట్టిన తాడంటే ఆకురాయే. ఆ మూడింటినీ అదే తినీసింది. దీన్ని తిననీకుండా ఈ రీలు అడ్డం పడింది.”

సరోజిని రీలు తీసి భాటియా గారి అరచేతిలో పెట్టింది. “వేలు పెట్టి చూడండి సర్. గాటు ఎక్కడుందో చూడండి. మూడు రైఫిళ్లకి ఎక్కడుందో ఇక్కడా అక్కడే ఉంది. ఇంకోమాట. ఇద్దరేసి కూర్చుని తుడిచే పద్ధతి మాన్పించింది నేను. పిల్లలకి బస్సులు తప్పిపోతున్నాయని తొందరపెట్టాను. ఎవరినైనా అనాలంటే నన్ను అనండి.”

ఆ మాట అనడానికి ఆమెకి వారమంతా పట్టింది. అనేశాక తేలిగ్గా ఉంది.

భాటియా గారు రీలుని ఎండకి ఎత్తి చూశారు. చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఆయన మొహంలో మెత్తదనం కనిపిస్తుందేమోనని సరోజిని ఎదురుచూసింది. దానికి బదులు కనుబొమలు దగ్గరికొచ్చాయి.

“ఠీక్ హై. రీలు బ్యారెల్‌ని కాపాడిందని ఒప్పుకున్నాను. అయితే నా ప్రశ్న ఇంకా పెద్దదైంది,” అన్నారు తన సన్నటి గొంతుతో. “ఈ అమ్మాయికి సంగతి ముందే తెలుసన్నమాట. తాడు మూతిని కోసేస్తుందని తెలిసి, తన రైఫిల్‌కి మాత్రం కవచం తొడుక్కుంది. పక్కనే మూడు రైఫిళ్లు రోజురోజుకీ పాడవుతుంటే చూస్తూ కూర్చుంది. సుబేదార్ సాబ్‌కి చెప్పలేదు, మీకు చెప్పలేదు, తోటిపిల్లలకి చెప్పలేదు. తన రైఫిల్ ఒక్కటే బాగుంటే తన స్కోరు ఒక్కటే బాగుంటుందనా? పాడుచేసినదానికంటే ఇది పెద్ద తప్పు కాదా, సరోజినీ జీ?”

ఇటువైపు నుంచి ఆలోచించనే లేదు సరోజిని. తను నేర్పిన ముక్క ఆ పిల్ల ఇప్పుడు గడగడా అప్పగించేస్తే, తన చేతులతో తనే దాని గొంతు నొక్కినట్టు.

“ఇధర్ ఆవో బేటా,” అన్నారు భాటియా గారు.

అన్నమ్మ మెట్టు మీంచి లేచి వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నిజం చెప్పు. ఈ రీలు బ్యారెల్ కోసమే పెట్టావా?”

సరోజిని ఆమె కళ్లలోకి చూడాలని తాపత్రయపడింది. చెప్పొద్దు, నేను చెప్పమన్నది చెప్పొద్దు అని ఎలా చెప్పడం? అన్నమ్మ ఒక్కసారి సరోజిని వైపు చూసింది. ఆ చూపులో క్షమాపణ ఉంది. పెద్దావిడ మాట తీసేస్తున్నానే అన్న బాధ ఉంది. తర్వాత భాటియా గారి చేతిలో ఉన్న రీలు వైపు చూసింది.

“నహీ సర్,” అంది. “రస్సీ కే లియే.”

“క్యా?”

“తాడు కోసం సర్. తాడు తెగితే ఫైరింగ్ బంద్ కదా. ఒకసారి తెగింది, నేను కూర్చోవాల్సి వచ్చింది. మళ్లీ తెగకూడదని పెట్టాను. బ్యారెల్‌కి తాడు వల్ల ఏదైనా అవుతుందని నాకు తెలీదు. తెలిస్తే అందరికీ రీళ్లు తెచ్చేదాన్ని. మా అమ్మ దగ్గర డబ్బా నిండా ఉన్నాయి.”

సుబేదార్ గారు లోపలికి వెళ్లి నాలుగు తాళ్లూ తెచ్చి బల్ల మీద వరసగా పరిచాడు. మూడు తాళ్లు గొంగళిపురుగుల్లా పీచు లేచి ఉన్నాయి. నాలుగోది పాతబడింది గానీ నున్నగా ఉంది.

“పిల్ల అబద్ధమాడట్లేదు సార్,” అన్నాడు. ఆ మాట అంటూనే ఆపుకోలేక నవ్వాడు. “నా నౌకరీలో ఎందరో జవాన్లకి నేర్పినాను. బందూకుని సూసుకోండిరా అన్నాను గానీ, తాడుని సూసుకోండని ఒక్కడికీ సెప్పలేదు. తాడు పీచు లేస్తందంటే అది ఎక్కడో దేన్నో ఒరుసుకుంటందనే గదా. ఆ ఒక్క ముక్క నేను సెప్పుంటే ఈ మూడూ దక్కేవి.”

“నాక్కూడా ఈ తాడు పీచు లేవడం కనిపించింది,” అంది ప్రవల్లిక మెట్టు మీంచి హిందీలో. “చేతికి గుచ్చుకుంటోందని గ్లవ్ వేసుకున్నాను. అంతే.”

భాటియా గారు రీలుని బల్ల మీద నిలబెట్టారు. తాడు ఒకటి చేతిలోకి తీసుకుని, పీచుని వేళ్లతో నలిపారు. ఆయన తప్పు ఒప్పుకునే మనిషి కాదు. క్లబ్బులో ఎవరూ అలాంటిది చూడలేదు, ఆ రోజూ చూడలేదు.

“తాడు తెంపితే ఫైరింగ్ బంద్ అన్న రూలు ఎవరు పెట్టారు?” అని అడిగారు.

“మీరే సర్,” అంది సరోజిని.

“అచ్ఛా.” ఆయన గొంతు సవరించుకున్నారు. “ఆ రూలు తీసేయండి. ఇద్దరేసి కూర్చునే పద్ధతి మళ్లీ పెట్టండి. నాలుగో నంబరు ఈ అమ్మాయికి ఇచ్చేయండి, ప్రాక్టీసుకి ఇవాళ ఒక్కరోజే మిగిలింది.” అని ఆఫీసు గది దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, సుబేదార్ గారి సంచీలోంచి ఒక అరిసె తీసుకుని మళ్లీ వెళ్లిపోయారు.

సరోజిని అన్నమ్మని పక్కకి లాగింది. “నేను చెప్పమన్నది చెప్పలేదేం?”

“సారీ ఆంటీ. మర్చిపోలేదు.”

“మర్చిపోయినా బాగుండేది, నా బుద్ధి తక్కువ బయటపడకుండా,” అంది సరోజిని. ఆ పిల్ల జడ పట్టుకుని ఒక గుంజు గుంజి వదిలేసింది.

ఆదివారం తుగ్లకాబాద్ షూటింగ్ రేంజిలో ఎండ బాగా కాసింది. ఢిల్లీ నలుమూలల నుంచీ వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లులు, టిఫిన్ డబ్బాలు, ఎవరి కోచ్‌లు వాళ్లని తిట్టడాలు. అన్నమ్మ తండ్రి పెద్దిరాజు ఆ పూట సెలవు పెట్టి వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి, గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడ్డాడు. అన్నమ్మ తన వంతు రాగానే చాప మీద బోర్లా పడుకుంది. సరోజిని వెనక బెంచీ మీద కూర్చుని, ఆమె భుజం మాత్రమే చూస్తూ ఉండిపోయింది. రోకలి ఎత్తిన భుజం కదా, కదల్లేదు.

పేల్చడం అయిపోయాక ఫలితాల బోర్డు దగ్గర తిరణాళ్లలా జనం మూగారు. ప్రవల్లిక అందరికంటే ముందు పరుగెత్తింది. సుబేదార్ గారు మీసం దువ్వుకుంటూ వెనకే నడిచాడు. సరోజిని కూడా రెండడుగులు వేసి, అన్నమ్మ రావడం లేదని చూసి ఆగింది.

ఆ పిల్ల షెడ్డు నీడలో గోనెపట్టా పరుచుకుంది. నాలుగో నంబరు బోల్టు తీసి పక్కన పెట్టింది. తాడు ఉచ్చులో తెల్లటి గుడ్డపీలిక దూర్చింది. ఇత్తడి గుండు గొట్టంలోకి జారవిడిచి, అది మూతిలోంచి టంగుమని బయటికి రాగానే, చుట్టూ చూసింది. దగ్గర్లో ఉన్న మనిషి ఒక్కరే. చేతులు వెనక్కి కట్టుకుని, బోర్డు వైపు వెళ్లాలా వద్దా అని తచ్చాడుతున్న భాటియా గారు.

“సర్,” అంది అన్నమ్మ. “జరా పకడేంగే?”

భాటియా గారు తన ఇస్త్రీ ప్యాంటు వైపు, గోనెపట్టా వైపు చూసుకున్నారు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, రైఫిల్‌ని రెండు చేతులతో పట్టుకున్నారు.

“కదపకండి సర్. తిన్నగా.”

“ఇలాగా?”

“ఇంకొంచెం పైకి. బస్.”

అన్నమ్మ లేచి, తాడు చేతికి చుట్టుకుని, మూతికి ఎదురుగా తిన్నగా వెనక్కి నడిచింది. తాడు ఏ అంచునీ తాకకుండా, బిగించిన తీగలా వచ్చింది. పీలిక చివర్న నల్లగా బయటపడింది. కొత్త పీలిక పెట్టి మళ్లీ లాగింది. ఈసారి బూడిదరంగు.

అప్పుడే బోర్డు దగ్గర గోల. ప్రవల్లిక జుట్టు రేగిపోయి పరుగెత్తుకొస్తోంది. “సెకండ్! అన్నమ్మా, సెకండ్! ఆంటీ, షీ గాట్ సెకండ్!” అని అరుస్తోంది. వెనకాల సుబేదార్ గారు మీసం వదిలేసి రెండు చేతులూ ఊపుతున్నాడు. గేటు దగ్గర పెద్దిరాజు ఏమైందో అర్థం కాక, అర్థమైనంత వరకూ ముందుకొచ్చి నిలబడ్డాడు. సరోజినికి కళ్లలో నీళ్లు తిరిగాయి, తిరిగితే తిరిగాయని తుడుచుకోలేదు.

భాటియా గారు సంతోషంతో రైఫిల్ కింద పెట్టి లేవబోయారు.

“ఏక్ మినిట్ సర్,” అంది అన్నమ్మ. మొహమంతా నవ్వే, చేతుల్లో మాత్రం వణుకు లేదు. ఉచ్చులో మూడో పీలిక దూరుస్తూ అంది. “ఇంకా తెల్లగా రాలేదు. పట్టుకోండి.”

ఆయన మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నారు.